బట్టీ తెరపై 1220, లోపల 1260: ఉష్ణోగ్రత రీడింగ్ ఎక్కడ దారి తప్పుతుంది?

కుమ్మరి ఆవంలో అంకెలు ఉండవు. మంట రంగు, పొగ తీరు, కాలిన కట్టెల లెక్క చూసి ఎప్పుడు ఆపాలో పెద్దవాళ్లు చెప్పేవారు. ఇప్పుడు నగరాల్లోని స్టూడియోల్లో, కళాశాలల్లో, కొందరి మేడల మీద కూడా చిన్న కరెంటు బట్టీలు వచ్చాయి. వాటికి ఒక డిజిటల్ కంట్రోలర్, దానిపై ఎర్రటి అంకెలు ఉంటాయి. ఆ అంకెలను నమ్మి కాల్చినవారికి కొన్నిసార్లు గ్లేజు (పాత్ర మీది గాజులాంటి పూత) కారి షెల్ఫుకు అతుక్కున్న పాత్రలు దక్కుతాయి, మరికొన్నిసార్లు నీరు ఊరే పచ్చి పాత్రలు. కంట్రోలర్ మార్చినా, బట్టీ లోపలి వేడిని కొలిచే థర్మోకపుల్ అనే తీగల జతను మార్చినా ఫలితం అలాగే ఉందనే ఫిర్యాదులు తరచుగా వినిపిస్తాయి. తప్పు ఏ భాగానిదో తేల్చకుండా భాగాలు మార్చడమే అందుకు చాలావరకు కారణం.

క్లుప్తంగా

తెర మీది అంకె పాత్ర ఉష్ణోగ్రత కాదు. గోడలోని ఒక బిందువు వద్ద పుట్టిన చిన్న వోల్టేజి నుంచి కట్టిన లెక్క అది. ఆ లెక్కలో దొర్లే తప్పుల్లో ఎక్కువ భాగం అంకెను తక్కువ వైపుకే లాగుతాయి, అందుచేత బట్టీ అవసరానికి మించి కాలుతుంది. తప్పు మొదటి నుంచీ ఒకేలా ఉందా, వేడితో పాటు పెరుగుతోందా, ఉండుండి ఎగిరిపడుతోందా అన్నది గమనిస్తే లోపం చోటు సగం తెలిసిపోతుంది. రీడింగ్ సరిగా ఉండి కూడా పాత్ర తప్పుగా కాలే సందర్భాలున్నాయి. వాటిని పట్టించేది కోన్ ఒక్కటే: పాత్రల పక్కన పెట్టే చిన్న మట్టి సూచిక అది, తన నంబరుకు తగ్గంత కాలాక వంగిపోతుంది.

అంకె ఎలా పుడుతుంది

రెండు వేర్వేరు లోహాల తీగలను ఒక కొసన కలిపి వేడిచేస్తే, కలపని కొసల మధ్య చిన్న వోల్టేజి కనిపిస్తుంది. 1821లో థామస్ యోహాన్ సీబెక్ గమనించిన ఈ ధర్మమే థర్మోకపుల్‌కు ఆధారం. కుండల బట్టీల్లో ఎక్కువగా కనిపించేది కె టైప్. ఇందులో ఒక తీగ క్రోమెల్ అనే నికెల్, క్రోమియం మిశ్రమం, రెండోది అల్యూమెల్ అనే నికెల్, అల్యూమినియం మిశ్రమం. ఖరీదైన బట్టీల్లో ఎస్ టైప్ వాడతారు. దానిలో ఒక తీగ ప్లాటినం, రెండోది పది శాతం రోడియం కలిపిన ప్లాటినం.

ఈ వోల్టేజి చాలా చిన్నది. వెయ్యి డిగ్రీల వద్ద కె టైప్ ఇచ్చేది 41.3 మిల్లీవోల్టులు, ఎస్ టైప్ ఇచ్చేది 9.6 మాత్రమే. పక్కనే 230 వోల్టుల ఎలిమెంట్లు, వాటికి కరెంటు కలిపి తెంచే టకటకమనే కాంటాక్టర్లు పనిచేస్తుండగా ఇంత సన్నని సంకేతాన్ని చెడకుండా కంట్రోలర్‌కు చేర్చాలి.

అసలు మెలిక మరొకటి ఉంది. థర్మోకపుల్ కొలిచేది ఉష్ణోగ్రతను కాదు, రెండు కొసల మధ్య తేడాను. వేడి కొస బట్టీలో, చల్లటి కొస కంట్రోలర్ టెర్మినళ్ల దగ్గర ఉంటాయి. అందుకే కంట్రోలర్ తన టెర్మినళ్ల వేడిని లోపలి చిన్న సెన్సర్‌తో కొలుచుకుని, ఆ మేరకు లెక్కలో కలుపుతుంది. ఈ కలిపే పనిలో తేడా వస్తే ఆ తేడా ప్రతి రీడింగ్‌లోనూ ఉంటుంది. కంట్రోలర్ పెట్టెను బట్టీ గోడకే బిగించి, గాలి ఆడే జాలీల ముందు సామాను పేర్చిన చోట ఇది మామూలే. మే నెలలో విజయవాడ గదిలో 45 డిగ్రీలుంటే ఆ పెట్టె లోపల ఇంకెంత ఉంటుందో ఊహించవచ్చు.

చల్లటి బట్టీ చెప్పే సగం నిజం

కొత్తగా బిగించిన థర్మోకపుల్‌ను చాలామంది పరీక్షించే పద్ధతి ఒకటే. బట్టీ చల్లగా ఉన్నప్పుడు కంట్రోలర్ ఆన్ చేస్తారు. తెర మీద 31 కనిపిస్తుంది, గదిలోనూ అంతే ఉంది, కాబట్టి అంతా బాగుందంటారు.

ఈ పరీక్ష వల్ల థర్మోకపుల్ గురించి తెలిసేది దాదాపు శూన్యం. రెండు కొసలూ ఒకే వేడిలో ఉంటే తేడా సున్నా, వోల్టేజీ సున్నా. తెర మీది 31 మొత్తం కంట్రోలర్ లోపలి సెన్సర్ చెప్పినదే. థర్మోకపుల్ తీసేసి రెండు టెర్మినళ్లను చిన్న రాగి ముక్కతో కలిపినా అదే 31 వస్తుంది. తీగలు తారుమారుగా బిగించినా, టైప్ సెట్టింగ్ తప్పుగా ఉన్నా, తీగ ముసలిదై గుల్లబారినా చల్లటి బట్టీలో ఏదీ బయటపడదు. చల్లగా ఉన్నప్పుడే అంకె తప్పుగా ఉంటే మాత్రం అది పనికొచ్చే ఆధారం: అప్పుడు వేలు కంట్రోలర్ వైపే, లేదా ఎవరో ఎప్పుడో వేసి మరచిన ఆఫ్‌సెట్ (రీడింగ్‌కు కలిపే సవరణ అంకె) వైపే చూపాలి.

తీగల దగ్గర జరిగే తప్పులు

థర్మోకపుల్ తీగలు బట్టీ గోడ బయట ఒక పింగాణీ టెర్మినల్ దిమ్మ దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి కంట్రోలర్ దాకా మరో జత తీగలు వెళతాయి. ఈ రెండో జత కూడా ఆ టైప్‌కు తగిన మిశ్రమ లోహానిదే అయి ఉండాలి. వీటిని కాంపెన్సేటింగ్ కేబుల్ అంటారు. అది తెగినప్పుడు వచ్చిన ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండేది ఇళ్లకు వాడే రాగి తీగ. రెండు ముక్కలు కోసి బిగిస్తాడు, తెర వెలుగుతుంది, అంకె కదులుతుంది, పని అయిపోయినట్టే కనిపిస్తుంది.

నష్టం లెక్క ఇలా ఉంటుంది. కాల్పు చివరి దశలో గోడ పక్కనున్న దిమ్మ 70 డిగ్రీలకు, కంట్రోలర్ టెర్మినళ్లు 35కు చేరాయనుకుందాం. రాగి తీగ ఆ 35 డిగ్రీల తేడాను మోయలేదు కాబట్టి అంత వోల్టేజి పోతుంది. పైగా 1200 దగ్గర కె టైప్ ఒక్కో డిగ్రీకి ఇచ్చే వోల్టేజి కింది వేడిలో కంటే కొంచెం తక్కువ, అందువల్ల పోయిన వోల్టేజి పైన సుమారు 40 డిగ్రీలకు సమానమవుతుంది. తెర మీద 1220 కనిపించే వేళకు లోపల 1260 ఉంటుంది.

ఇంతకంటే మాయదారి తప్పు మరొకటి. సరైన కాంపెన్సేటింగ్ కేబులే వేసి, దాని రెండు తీగలను రెండు కొసల దగ్గరా తారుమారు చేస్తే ఏమవుతుంది? థర్మోకపుల్ ధ్రువాలు కంట్రోలర్‌కు సరిగానే చేరతాయి కనుక అంకె మామూలుగా పైకే పోతుంది. కానీ దిమ్మకూ కంట్రోలర్‌కూ మధ్య తేడా కలవాల్సింది పోయి తీసివేతకు వస్తుంది. నష్టం రెట్టింపు. పై ఉదాహరణలోనే అది 80 డిగ్రీల దాకా పోతుంది. ఒక్కచోటే తారుమారు చేసి ఉంటే ఇంత ప్రమాదం ఉండదు, ఎందుకంటే థర్మోకపుల్ ధ్రువాలే తిరగబడి, బట్టీ వేడెక్కే కొద్దీ అంకె కిందికి దిగుతుంది, ఎవరికైనా అనుమానం వస్తుంది. రెండు తప్పులు కలిసి పైకి ఒప్పులా కనిపించడమే ఇక్కడి చిక్కు.

ఈ తారుమారుకు రంగుల పద్ధతి ఒక కారణం. అమెరికా పద్ధతి కె టైప్ కేబుల్‌లో పసుపు ధనం, ఎరుపు రుణం. అంతర్జాతీయ ఐఈసీ పద్ధతిలో ఆకుపచ్చ ధనం, తెలుపు రుణం. ఎరుపు అంటే ప్లస్ అని చేతికి అలవాటైన వారు అమెరికా కేబుల్‌ను తిప్పి బిగించడం సహజం. రంగు మీద అనుమానం ఉంటే అయస్కాంతం తీర్పు చెబుతుంది: చల్లగా ఉన్నప్పుడు అల్యూమెల్ తీగ అయస్కాంతానికి అంటుతుంది, క్రోమెల్ అంటదు. అంటిన తీగ రుణం.

టైప్ సెట్టింగ్ తప్పినప్పుడు తేడా ఇంకా భారీగా ఉంటుంది. బజారులో దొరికే సాధారణ కంట్రోలర్లు కె, జె, ఎస్ వగైరా టైపులన్నిటికీ పనిచేస్తాయి, మెనూలో ఎంచుకోవాలి. బట్టీలో కె టైప్ ఉండి కంట్రోలర్‌లో జె అని ఉంటే, లోపల వెయ్యి డిగ్రీలున్నప్పుడు తెర మీద 740 ప్రాంతంలో కనిపిస్తుంది. ఎస్ టైప్ సెన్సర్‌కు కె సెట్టింగ్ ఉంటే వెయ్యి డిగ్రీలు 260 దగ్గర కనిపిస్తాయి. రెండో తప్పును ఎవరైనా త్వరగా పట్టుకుంటారు. మొదటిది మాత్రం బట్టీని కరిగించే దాకా తీసుకుపోగలదు.

ఇక ఇన్సులేషన్ మాడి రెండు తీగలు గోడ బయటే ఒకదానికొకటి తగిలితే, ఆ తగిలిన చోటే కొత్త వేడి కొస అవుతుంది. లోపల ఎంత కాలుతున్నా అంకె 100కో 150కో అటూ ఇటూ ఆగిపోతుంది. తీగ పూర్తిగా తెగితే చాలా కంట్రోలర్లు ఎర్రర్ చూపి ఆపేస్తాయి కాబట్టి తెగడం కంటే తగలడమే ప్రమాదకరం.

అంకె ఉండుండి పదిరవై డిగ్రీలు ఎగిరిపడితే అది వదులు స్క్రూ, తుప్పు పట్టిన టెర్మినల్, లేదా కరెంటు అలజడి. సముద్రతీర పట్టణాల్లో ఉప్పుగాలికి టెర్మినళ్లు త్వరగా పాడవుతాయి. ఎగురుడు కాంటాక్టర్ చప్పుడుతో పాటే వస్తుంటే సెన్సర్ తీగ కరెంటు తీగల పక్కనే పోతోందని అర్థం. వెయ్యి డిగ్రీలు దాటాకే మొదలైతే మరో కారణం ఉండవచ్చు: ఆ వేడిలో బట్టీ ఇటుక కూడా కొద్దిగా కరెంటును పోనిస్తుంది, ఎలిమెంట్ నుంచి లీకైన వోల్టేజి థర్మోకపుల్‌లోకి చేరుతుంది. సంకేతం చిన్నది కావడం వల్ల ఎస్ టైప్‌కు ఈ బెడద ఎక్కువ. పాత ముల్లు మీటర్లకు ఇంకో బలహీనత ఉంది. అవి సంకేతం నుంచే కరెంటు లాగి పనిచేస్తాయి కనుక తీగ పొడవు మారినా, టెర్మినల్ తుప్పు పట్టినా ముల్లు కిందికి జారుతుంది.

తీగ ముసలిదైనప్పుడు

థర్మోకపుల్ ఒక రోజు హఠాత్తుగా చెడిపోతుందని చాలామంది అనుకుంటారు. తెగేలోపు అది ఎంతో కాలంగా తప్పు చెబుతూ ఉండవచ్చు. అధిక వేడిలో మిశ్రమ లోహం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పొరలు పొరలుగా రాలుతుంది, దాని కూర్పు మారుతుంది, కూర్పుతో పాటు వోల్టేజీ మారుతుంది. కొత్తలో ఈ మార్పు కాస్త పైకి కూడా పోవచ్చు, కానీ బట్టీలు వాడేవారికి ఎదురయ్యేది ఎక్కువగా తక్కువ చూపే తీగే. 1200 దాటి తరచుగా కాల్చే చోట ఈ జారుడు పదుల డిగ్రీలకు చేరుతుంది.

తీగ మందం ఇక్కడ నిర్ణాయకం. సుమారు 3.3 మిల్లీమీటర్ల కె టైప్ తీగకు సిఫారసు చేసే గరిష్ఠ పరిమితి 1260 డిగ్రీలు. 1.6 మిల్లీమీటర్లకు అది 1090, 0.8కి 980, అర మిల్లీమీటరు తీగకు 870 మాత్రమే. తక్కువ ధరకు వచ్చిందని సన్నటి సెన్సర్ కొని స్టోన్‌వేర్ (1200 చుట్టుపక్కల కాల్చే గట్టి పాత్రలు) బట్టీలో పెడితే కొన్ని కాల్పుల్లోనే అది నమ్మదగనిదవుతుంది. దాని డబ్బాపై కె టైప్ అని రాసి ఉండటం అబద్ధం కాదు. ఆ వేడికి ఆ మందం చాలదు, అంతే.

ఆక్సిజన్ తక్కువైనప్పుడు జరిగే నష్టం వేరే రకం. మైనం, కాగితం, మట్టిలోని సేంద్రియ పదార్థం కాలేటప్పుడు, లేదా గ్యాసు బట్టీలో రిడక్షన్ చేసేటప్పుడు గాలిలో ఆక్సిజన్ కరువవుతుంది. అప్పుడు క్రోమెల్‌లోని క్రోమియం ఒక్కటే ఎంచుకున్నట్టు ఆక్సీకరణం చెంది, తీగ ఆకుపచ్చగా మారుతుంది. ఇరుకైన మూసిన గొట్టంలో నిలిచిన గాలి కూడా ఇదే చేస్తుంది. ఇలా పాడైన తీగ తక్కువ చూపుతుంది, సులభంగా విరుగుతుంది. మామూలుగా అయస్కాంతానికి అంటని క్రోమెల్ ఈ స్థితిలో అంటడం మొదలుపెడుతుంది. పాత సెన్సర్ రెండు కాళ్లూ అయస్కాంతానికి అంటితే దాన్ని పారేయడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

వోల్టేజి కొస బిందువు దగ్గర పుడుతుందనేది సాధారణ అపోహ. అది పుట్టేది తీగ పొడవునా వేడి మారే చోట, అంటే ముఖ్యంగా గోడలోంచి బయటికి వచ్చే భాగంలో. కొత్త తీగ అంతటా ఒకే కూర్పుతో ఉంటుంది కాబట్టి ఎంత లోతుకు దూర్చినా ఫలితం మారదు. ముసలి తీగలో ఒక్కో అంగుళం ఒక్కోలా చెడి ఉంటుంది. దాన్ని మరో బట్టీలో పెట్టినా, ఉన్నచోటే రెండు సెంటీమీటర్లు జరిపినా అంకె మారుతుంది. పాత సెన్సర్‌ను ఊడదీసి వేరేచోట పరీక్షించి వచ్చిన తేడాను సవరణగా వాడటం ఈ కారణంగానే పొరపాటు. కొత్త సెన్సర్‌ను అదే బట్టీలో పాతదాని పక్కన పెట్టి పోల్చడమే అర్థవంతమైన పరీక్ష.

సరికొత్త సెన్సర్ కూడా పరిపూర్ణం కాదు. ప్రమాణాల ప్రకారం సాధారణ శ్రేణి కె టైప్‌కు 0.75 శాతం తేడా అనుమతిస్తారు. 1220 దగ్గర అది అటూ ఇటూ 9 డిగ్రీలు. అదే శ్రేణి ఎస్ టైప్‌కు 0.25 శాతం, అంటే 3 డిగ్రీలు. ఒకే డబ్బాలోంచి తీసిన రెండు కె సెన్సర్లు పదిహేను డిగ్రీల తేడా చూపినా రెండూ నిబంధనల ప్రకారం సవ్యమైనవే కావచ్చు. ఎస్ టైప్ ధర ఎక్కువే, అయినా వారానికి రెండు మూడుసార్లు 1200 దాటించే స్టూడియోకు అది దండగ కాదు. వెయ్యి లోపు టెర్రకోట కాల్చేవారికి మాత్రం ఆ ఖర్చు అనవసరం.

బట్టీలో ఒకే వేడి ఉండదు

సెన్సర్ తన చుట్టూ ఉన్న వేడిని చెబుతుంది, మిగతా అరలతో దానికి సంబంధం లేదు. కింది ఎలిమెంట్లు పాతబడితే, ఒక అరలో పలకలు ఇరుకుగా పేర్చి మరో అరను ఖాళీగా వదిలితే పైకీ కిందికీ ఒక కోన్ తేడా రావడం పెద్ద విశేషం కాదు. సెన్సర్ కొస గోడ నుంచి రెండున్నర నుంచి అయిదు సెంటీమీటర్లు లోపలికి రావాలి. షెల్ఫులు మార్చేటప్పుడు తగిలి అది వెనక్కి జరిగితే ఇటుక లోపలి వేడినే కొలుస్తుంది, అది ఎప్పుడూ తక్కువే. ఎలిమెంట్‌కు మరీ దగ్గరగా ఉంటే ఎక్కువ చూపుతుంది. తెరను ఎక్కువ వైపుకు తోసే అరుదైన లోపాల్లో ఇదొకటి.

రక్షణ గొట్టం తీగకు ఆయుష్షు పెంచుతుంది, బదులుగా ఆలస్యం తెస్తుంది. గంటకు 150 డిగ్రీల వేగంతో పెంచేటప్పుడు నాలుగు నిమిషాల ఆలస్యం అంటే పది డిగ్రీల వెనుకబాటు. చివరి వేడి దగ్గర కొంతసేపు నిలిపితే ఈ తేడా తగ్గిపోతుంది. నిలిపినా తగ్గకపోతే కారణం గొట్టం కాదు.

ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూపుడు రంధ్రంలోంచి కొలిచి తీర్పు చెప్పడం సరికాదు. అది ఏ ఉపరితలాన్ని చూస్తోందో, ఆ ఉపరితలం ఎంత వికిరణం వెదజల్లుతుందో తెలియకుండా వచ్చిన అంకెకు విలువ తక్కువ. చవక గన్‌లు అంత వేడిని కొలవనూ లేవు. గోడ బయటి టెర్మినల్ దిమ్మ ఎంత వేడెక్కిందో చూడటానికి మాత్రం అవి బాగా పనికొస్తాయి.

రీడింగ్ ఒప్పు, కాల్పు తప్పు

మట్టి, గ్లేజు ఉష్ణోగ్రతకు మాత్రమే స్పందించవు, ఆ వేడిలో గడిపిన కాలానికీ స్పందిస్తాయి. సన్నని సెగ మీద ఎక్కువసేపు ఉంచినా పప్పు ఉడికినట్టే, తక్కువ వేడిలో ఎక్కువసేపు కాలినా గ్లేజు కరుగుతుంది. అమెరికాలో తయారయ్యే ఆర్టన్ కోన్‌ల పట్టిక దీన్ని అంకెల్లో చూపుతుంది. చివరి దశలో గంటకు 60 డిగ్రీల చొప్పున పెంచితే 6వ కోన్ 1222 దగ్గర వంగుతుంది, 150 చొప్పున పెంచితే 1243 దగ్గర. ఎక్కడా ఏ లోపమూ లేకుండానే 21 డిగ్రీల తేడా.

మన దగ్గర కరెంటు తీరు ఈ చిక్కును పెంచుతుంది. వోల్టేజి 230 నుంచి 200కు పడిపోతే రీడింగ్‌లో తప్పేమీ రాదు, కానీ ఎలిమెంట్ల శక్తి దాదాపు 24 శాతం తగ్గుతుంది. బట్టీ నెమ్మదిగా ఎక్కి, అదే 1222ను చేరేసరికి పాత్రలు ఎక్కువ కాలి ఉంటాయి. రాత్రి కాల్చినప్పుడు ఒకలా, సాయంత్రం వాడకం ఎక్కువున్న వేళ మరోలా వస్తోందని సెన్సర్‌ను నిందించేవారు ముందు వోల్టేజి రాసిపెట్టుకోవడం మంచిది. అరిగిన ఎలిమెంట్లూ ఇదే పని చేస్తాయి.

వేడీ కాలమూ కలిసి చేసే పనిని మట్టితోనే కొలవాలన్న ఆలోచన పాతది. ఇంగ్లండులో జోసయా వెడ్జ్‌వుడ్ 1782లో చిన్న మట్టి ముక్కలను బట్టీలో పెట్టి, అవి ఎంత కుంచించుకుపోయాయో ఇత్తడి గాడిలో జార్చి కొలిచే పద్ధతిని రాయల్ సొసైటీకి వివరించాడు. తన బట్టీలను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి అది చక్కగా పనికొచ్చింది. ఆ కొలతను ఫారన్‌హీట్‌లోకి మార్చే ప్రయత్నంలోనే తడబడ్డాడు: పోత ఇనుము కరిగే వేడి 17,977 ఫారన్‌హీట్ డిగ్రీలని తేల్చాడు. నిజమైన అంకె దానిలో ఏడో వంతు కూడా లేదు. 1886లో బెర్లిన్‌లో హెర్మన్ సేగర్, 1896లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ ప్రామాణిక కోన్‌లను తెచ్చాక ఈ రంగానికి గట్టి కొలబద్ద దొరికింది. వెడ్జ్‌వుడ్ పద్ధతి కూడా పోలేదు. కుంచించుకునే మట్టి ఉంగరాలను గేజితో కొలవడం పరిశ్రమల్లో నేటికీ ఉంది.

లోపం ఎక్కడుందో తేల్చే క్రమం

మొదట తప్పు నిజంగా ఉందో లేదో చూడాలి. పై, మధ్య, కింది అరల్లో మూడేసి కోన్‌లు పెట్టాలి: లక్ష్యం 6 అయితే 5, 6, 7 (ఇక్కడ నంబరు పెరిగితే వంగడానికి కావాల్సిన వేడీ పెరుగుతుంది). అవి ఎలిమెంట్లకూ సెన్సర్‌కూ మరీ దగ్గర ఉండకూడదు. మూడు అరల్లోనూ 7వ కోన్ సైతం వంగితే తెర తక్కువ చెబుతోందని, లేదా కాల్పు అనుకున్నదానికంటే నెమ్మదిగా సాగిందని అర్థం. పైన 7 వంగి కింద 5 నిలబడితే సెన్సర్‌ను అనుమానించడం కాలయాపన, చూడాల్సింది ఎలిమెంట్లను, అమరికను.

తప్పు సెన్సర్ వ్యవస్థదేనని తేలాక కంట్రోలర్ మెనూలో టైప్, ఆఫ్‌సెట్, సెల్సియస్ ఫారన్‌హీట్ ఎంపిక చూడాలి. ఇవి ఖర్చు లేని తనిఖీలు, కానీ చివరికి వాయిదా పడేవి ఇవే. ఆ తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, ఆగిందని టెస్టర్‌తో నిర్ధారించుకున్నాకే తీగలు ముట్టుకోవాలి. థర్మోకపుల్‌ది చిన్న వోల్టేజే అయినా దాని పక్కన ఉన్నవి ప్రాణాంతకం. కేబుల్ రకం, రంగులు, రెండు కొసల ధ్రువాలు, స్క్రూల బిగింపు, సెన్సర్ లోతు ఒకేసారి చూడవచ్చు.

కంట్రోలర్‌ను వేరు చేసి పరీక్షించడానికి దాని ఇన్‌పుట్ టెర్మినళ్ల నుంచి సెన్సర్ తీగలు విప్పి, వాటి స్థానంలో రాగి ముక్క బిగించాలి. పెట్టె లోపలి వేడికి దగ్గర అంకె రావాలి. పది పదిహేను డిగ్రీలు తేడా ఉంటే లోపం కంట్రోలర్‌దే. సెన్సర్‌ను మరిగే నీటిలో ముంచి చూసే అలవాటూ కొందరికి ఉంది. హైదరాబాదు ఎత్తులో నీరు 98 డిగ్రీల చుట్టుపక్కల మరుగుతుందని గుర్తుంచుకుంటే ఆ పరీక్ష ధ్రువాలను, టైప్‌ను నిర్ధారించడానికి చాలు. 1200 దగ్గర సెన్సర్ నమ్మకాన్ని అది ఏమాత్రం నిరూపించదు.

చివరిది, అన్నిటికంటే బరువైనది పక్కపక్క పోలిక. మందమైన కొత్త కె టైప్‌ను చూపుడు రంధ్రంలోంచి పాతదాని దగ్గరికి చేర్చి, వేరే మీటరుకు తగిలించి, 600, 900, గరిష్ఠ వేడి వద్ద పది నిమిషాలేసి నిలిపి రెండు అంకెలూ రాసుకోవాలి. తేడా వేడితో పాటు పెరిగితే తీగల్లోనో సెన్సర్‌లోనో లోపం, అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉంటే కంట్రోలర్‌లో. మీటర్లు అటూ ఇటూ మార్చి మళ్లీ చూస్తే మిగిలిన అనుమానమూ తీరుతుంది.

ఆఫ్‌సెట్‌తో తొందర

తెర 40 తక్కువ చూపుతోందని తెలిసిన వెంటనే చాలామంది కంట్రోలర్‌లో 40 డిగ్రీల ఆఫ్‌సెట్ వేస్తారు. మొదటి కాల్పు బాగా వస్తుంది. కారణం రాగి తీగ అయితే ఆ 40 స్థిరమైన అంకె కాదు, దిమ్మకూ కంట్రోలర్‌కూ మధ్య తేడా మీద ఆధారపడినది. చలికాలం వచ్చినా, ఫ్యాను గాలి దిమ్మ వైపు తిరిగినా అది మారుతుంది. కారణం ముసలి తీగ అయితే ప్రతి నెలా ఆఫ్‌సెట్ పెంచుతూ పోవాలి, చివరికి ఎవరో కొత్త సెన్సర్ బిగించి పాత ఆఫ్‌సెట్ తీయడం మరిచిపోతారు. ఆఫ్‌సెట్ న్యాయంగా చేయగల పని ఒక్కటే: లోపాలన్నీ సరిచేశాక మిగిలే స్థిరమైన అయిదు పది డిగ్రీలను, గొట్టం తెచ్చే తేడాను సర్దడం. అదైనా కోన్‌ల సాక్ష్యం రెండు మూడు కాల్పుల్లో ఒకేలా వచ్చాకే.

తప్పు రీడింగ్ ఖరీదు

తక్కువ కాలిన స్టోన్‌వేర్ నీరు పీలుస్తుంది, గ్లేజు పూర్తిగా కరగక గరుకుగా మిగులుతుంది. అలాంటి గ్లేజులోంచి లోహాలు ఆహారంలోకి ఊరే అవకాశం ఎక్కువ కనుక తినే పాత్రల విషయంలో ఇది అందానికి సంబంధించిన లోపం మాత్రమే కాదు. ఎక్కువ కాలితే గ్లేజు కారి షెల్ఫును పాడుచేస్తుంది, పాత్ర వంగుతుంది, మట్టి లోపల బుడగలు లేస్తాయి. బిస్క్ దశలోనే, అంటే గ్లేజు వేయకముందు జరిపే తొలి కాల్పులోనే, మించి కాలిస్తే మట్టి రంధ్రాలు మూసుకుపోయి గ్లేజు పట్టదు. వెయ్యి లోపు కాల్చే ఎర్రమట్టి పాత్రలను పొరపాటున స్టోన్‌వేర్ వేడికి తీసుకుపోతే అవి ఉబ్బి, కరిగి, అరల మీద ముద్దలవుతాయి. వాటితో పాటు షెల్ఫులు, కొన్నిసార్లు ఎలిమెంట్లు, నేల ఇటుకలు కూడా పోతాయి.

సెన్సర్ రంధ్రంలోంచి జారిపోయినా, తీగలు బయటే తగిలినా కంట్రోలర్‌కు బట్టీ ఇంకా చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది, అది కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఈ స్థితిలో అదే సెన్సర్ మీద ఆధారపడిన గరిష్ఠ ఉష్ణోగ్రత హద్దు పనిచేయదు. కాపాడగలిగేవి రెండు: మామూలు కాల్పు సమయం కంటే గంట ఎక్కువకు పెట్టిన టైమర్ కటాఫ్, లేదా సొంత సెన్సర్, సొంత కాంటాక్టర్ ఉన్న రెండో లిమిట్ కంట్రోలర్. రెండోదాని కాంటాక్టర్ వేరుగా ఉండటం ముఖ్యం, ఎందుకంటే మొదటి కాంటాక్టర్ పాయింట్లు అతుక్కుపోతే ఎంత సరైన రీడింగ్ ఉన్నా దాన్ని ఆపేది ఉండదు.